పది మార్కుల ప్రశ్న

మే నెల. నల్లగొండ.
వాల్యుయేషన్ హాల్లో కూలర్
నీళ్లు లేక ఉత్త వేడినే తిప్పుతోంది.
కట్టకు నలభై పేపర్లు, ఒక ఎర్ర పెన్ను,
'కీ' అని రాసిన ఒక కాగితం.

ప్రశ్న ఆరు, బి:
ఒక రాజ్యం మరో రాజ్యం మీద
ఎప్పుడు ఆయుధం ఎత్తవచ్చును? వివరింపుము.

ఎత్తరాదన్న సూత్రానికి మూడు మార్కులు.
దాడి జరిగితే ఆత్మరక్షణ, దానికి నాలుగు.
భద్రతా మండలి అనుమతికి రెండు.
ఇక చేతిరాత బాగుంటే
ఎవరూ చెప్పకుండానే అందరం వేసే ఒకటి.

ముప్పై పేపర్లు ఒకటే గైడును అప్పజెప్పినయి.
ముప్పై ఒకటో దాంట్లో
పేరు చింపేసిన మూల కింద
చెమటకు అలుక్కుపోయిన నీలి సిరాతో
ఒక చెయ్యి ఇట్ల రాసింది:

"సార్, సూత్రం నాకు తెలుసు.
కానీ మా ముత్తవ్వ వయసు కాడ మొదలుపెడత.
ఆమెకు పుట్టిన తారీఖు లేదు.
పోలీస్ యాక్షన్ నాటికి లంగా కట్టిన పిల్ల,
అదే లెక్క, ఆధార్ కార్డుల కూడ అదే లెక్క.

సూర్యాపేట తొవ్వ పొంటి టాంకులు పోతుంటే
జొన్నచేన్ల దాక్కొని చూసిందట.
'పోలీసులకు లాఠీలుంటయి గద నాయనా,
గిర్నీ అంత బండ్లెందుకు?' అని అడిగిందట.
ఆయన ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టిండట.
యుద్ధమంటే ఒక చట్టం, యాక్షన్ అంటే ఇంకో చట్టం.
పేరు పెట్టేటోడే సెక్షన్ రాస్తడు సార్.

రజాకార్లు పోయిండ్రని ఊరు దీపాలు పెట్టింది.
అది అబద్ధం కాదు.
దీపాల నూనె ఆరకముందే
దళాలను దేవులాడుకుంట అవే బూట్లు
మా గడ్డివాము పొడిచినయి. ఇదీ అబద్ధం కాదు.
పక్కింటి దర్జీ ఖాసిం సాబు కుట్టుమిషను
సందుల మూడు వానలు తడిసింది.
తీసుకపోయేటోడు రాలేదు.

పట్నం నుంచి పోయిన అర్జీ
భద్రతా మండలి ఎజెండాల
ముప్పై ఏండ్లు పండుకున్నదని పుస్తకంల చదివిన.
ముత్తవ్వకు చెప్తే నవ్వింది.
'తాసిల్దారు ఆఫీసు అక్కడ గూడ ఉన్నదా బిడ్డా?'

ఇగ ముందస్తు ఆత్మరక్షణ.
మా ఊళ్లె గెట్టు కాడ గొడ్డలేసినోడు గూడ
'వాడు ఎత్తబోయిండు' అనే అన్నడు.
ఎత్తబోయిండన్న మాటకు సాక్షి ఎవరు సార్?
నీడను చూసి కొట్టేటోడు
పొద్దు గుంకేదాంక కొడుతనే ఉంటడని
ముత్తవ్వ మాట. కేసు పేరు అడిగితే నా దగ్గర లేదు.

కాపాడనీకి ఎప్పుడు రావచ్చో మీ ప్రశ్నల ఉన్నది.
వచ్చినోళ్లు ఎప్పుడు తిరిగిపోవాలె,
అది"

అక్కడ గంట కొట్టినట్టుంది.
గీత ఒకటి పేజీ అంచు దాకా జారి ఆగింది.

నేను క్యాన్ నీళ్లు తాగొచ్చి మళ్లీ చదివిన.
పక్క బల్ల మీది తస్నీం మేడం
"ఎంత వేస్తున్నరు?" అని చెయ్యి చాపింది.
చదువుతూ ఒక చోట ఆగింది. చాలాసేపు ఆగింది.
"ఏ కంపెనీ మిషనో రాయలేదా?" అన్నది.
రాయలేదన్న.
పేపర్ నాకిచ్చి, తన కట్ట ముందుకు జరుపుకొని
తల ఎత్తలేదు ఆ పూటంతా.

కీ ప్రకారం మూడు.
మూడు వేసిన. కొట్టేసిన.
తొమ్మిది వేసిన.

చీఫ్ వెనక నుంచి వచ్చి
కొట్టివేత మీద గోరుతో పొడిచిండు:
"అంకె మారిస్తే పక్కన సంతకం ఉండాలె.
ఎందుకు మార్చినవో రేపు అడుగుతరు."

సంతకం పెట్టిన.
ఎర్ర సిరా ఆరేదాకా
ముప్పై రెండోది తెరవలేదు.